పుండు బాధకు కొలబద్ద

మధుమేహ రోగి పాదానికి పడిన పుండు ఒక్కోసారి నెలల తరబడి మానదు. దాని వైశాల్యాన్ని నర్సు కొలవగలదు. నిద్రలేమినీ, దుర్వాసన వల్ల కలిగే సంకోచాన్నీ రోగే చెప్పాలి. 2014లో ప్రచురితమైన జర్మన్ ప్రశ్నావళి ‘వూండ్-క్యూఓఎల్’ గత 7 రోజుల గురించి 17 ప్రశ్నలు అడుగుతుంది.

ఇటువంటి కొలబద్ద విశ్వసనీయతకు ప్రధాన పరీక్షలు రెండు. ఒకే విషయాన్ని తడిమే ప్రశ్నల జవాబులకు పొంతన కుదరాలి. 1951లో క్రాన్‌బాక్ వివరించిన ‘ఆల్ఫా’ ఇందుకు సూచిక. సాధారణంగా అది 0.7కు తగ్గకూడదంటారు. రెండవది, పుండు స్థితి మారనప్పుడు కొద్దిరోజుల తర్వాత అడిగినా దాదాపు అవే జవాబులు రావాలి. వ్యవధి మరీ తక్కువైతే రోగి పాత జవాబునే గుర్తుంచుకుని చెబుతాడు. ఎక్కువైతే పుండే మారిపోతుంది.

ఒమాన్‌లో అరబిక్‌తో పాటు బలూచీ, స్వాహిలీ కూడా వినిపిస్తాయి. తెలుగు కార్మికులూ ఉన్నారు. అక్కడ ఒక తెలుగు కార్మికుడికి ప్రశ్నను మొదటిసారి నర్సు హిందీలోనూ, రెండవసారి తోటి కార్మికుడు తెలుగులోనూ చెబితే, మారినది బాధా, అనువాదమా?

నిలకడ ఒక్కటే చాలదు. నమాజుకు ముందు పాదాలు కడుక్కోవలసిన రోగికి కాలి కట్టు తెచ్చే ఇబ్బందిని ప్రశ్నావళి అడగకపోతే, ఆల్ఫా ఎంత ఎక్కువైనా ఆ బాధ లెక్కలోకి రాదు. చికిత్స ఫలించిందా అన్నది ఆ లెక్కను చూసి తేల్చేటప్పుడు, అడగని ప్రశ్న మూల్యం చెల్లించేది రోగే.