వంతెన ముందు తెరచాప కొయ్య

ధవళేశ్వరము లాకు దాటి కాకినాడ కాలువలో దిగిన తెరచాప పడవకు గాలి అనుకూలిస్తే ప్రయాణము సుఖమే. గాలి పడిపోయినప్పుడు మనుషులు గట్టు వెంబడి నడుస్తూ మోకుతో లాగేవారు. ఆ మోకును గూడ తెరచాప కొయ్యకే ఎత్తుగా కట్టితే గట్టు మీది పొదలకు తట్టుకోదు. గాలి బలానికీ, మనిషి బలానికీ ఇట్లు ఆధారమైన కొయ్యయే వంతెన దగ్గర ఆటంకమవుతుంది. దానిని దించవలె, దాటిన తరువాత మరల ఎత్తవలె.

1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నిర్మించిన మీదట ఏర్పడిన డెల్టా కాలువలు సాగుకూ పడవలకూ కూడ ఉద్దేశింపబడినవి. చిక్కు ఇక్కడనే ఉన్నది. పడవల కొరకే త్రవ్విన కాలువలో నీరు ఇంచుమించు నిలిచియున్నా ఫరవాలేదు; చేలకు నీరిచ్చే కాలువ పారి తీరవలె. ప్రవాహము సెకనుకు 3 అడుగులనుకొందాము. వంతెనకు 60 అడుగుల దూరాననున్న పడవ, ఎవరూ గడ వేయకపోయినా, 20 సెకన్లలో దాని క్రిందికి చేరుతుంది. అప్పటికి కొయ్య దిగకపోతే పైకొనను వంతెన ఆపుతుంది, అడుగున నీరు పడవను త్రోస్తూనే ఉంటుంది. కొయ్య విరగవచ్చు, పడవ అడ్డము తిరిగి ఒరిగిపోనూవచ్చు. కనుక దిగువకు పోయేవారు ముందుగానే పడవను గట్టుకు కట్టి కొయ్యను దించడము క్షేమము. 12వ శతాబ్దపు చైనా చిత్రకారుడు చాంగ్ జెదువాన్ గీసిన చింగ్‌మింగ్ చిత్రపటములో సరిగా ఈ ఘట్టమే ఉన్నది: వంతెన మీదికి వచ్చిన పడవ, సగము దిగిన కొయ్య, నలుప్రక్కలా కేకలు వేస్తున్న జనము.

కొయ్య 20 అడుగుల పొడవు, 100 కిలోగ్రాముల బరువు, అంతటా ఒకే లావు అనుకొందాము. అది మొదట్లో ఒక సీల మీద వెనుకకు వాలుతుంది. గరిమనాభి సీలకు 10 అడుగుల దూరాన ఉంటుంది. నిటారుగా ఉన్నంతసేపు బరువు సీల గుండానే పోతుంది గనుక ఒక బాలుడు పట్టుకొన్నా నిలుస్తుంది. ఏ స్థితిలో కష్టమెక్కువ అని తరగతిలో అడిగితే, సగము వాలినప్పుడని చాలామంది అంటారు. కాదు. వాలేకొద్దీ భ్రామకము పెరిగి, పూర్తిగా పడుకొన్నప్పుడు 100 × 10 = 1000 అవుతుంది. దించేటప్పుడు చివరి క్షణము, ఎత్తేటప్పుడు మొదటి క్షణము ప్రమాదకరమైనవి.

పడుకొన్న కొయ్య చివరకు తాడు కట్టి పడవ ముందుకొన నుంచి లాగితే ఏమవుతుంది? తాడు కొయ్య వెంబడే పోతుంది. ఎంత లాగినా కొయ్య సీలకు ఒత్తుకొంటుందే గాని లేవదు. అందుచేత సీల దగ్గర 6 అడుగుల పొట్టి కర్రను కొయ్యకు లంబముగా బిగిస్తారు. కొయ్య పైకొననుంచి ఒక తాడు కర్ర కొనకు, అక్కడనుంచి మరొకటి ముందుకొనకు. ముందుకొన సీలకు 10 అడుగుల దూరములో ఉంటే, సీలనుంచి రెండవ తాడుకు లంబదూరము సుమారు 5.14 అడుగులు. 1000ని దానితో భాగిస్తే సుమారు 195 కిలోగ్రాముల లాగుడు. భారాన్ని నాలుగు తాళ్ళు పంచుకొనే కప్పీలు పెట్టితే, ఘర్షణ మాట అటుంచి, 49 చాలును. ప్రక్క తాళ్ళను మాత్రము సీల ఎత్తులోనే, దానికి సూటిగా కట్టవలె. లేనిచో వాలుతున్నప్పుడు అవి సడలి కొయ్య ప్రక్కకు పడుతుంది.

దించిన కొయ్యను అనేక వంతెనల దూరము మోసుకుపోవలసివస్తే? అమెరికాలో 1825లో తెరచిన ఈరీ కాలువ మీద నేటికీ ఈ అవసరమున్నది. అక్కడ కొన్ని వంతెనల క్రింద 15½ అడుగుల జాగాయే ఉంటుంది. కొయ్యను ఊడదీసి పడవమీద అడ్డకర్రలపై పడుకోబెడతారు. రెండు ఆధారాలనూ చివరల పెట్టితే నడుము వంగుతుంది. ఒక్కొక్క చివరనుంచి పొడవులో ఐదవ వంతు లోపలికి జరిపితే వంచే భ్రామకము ఐదవ వంతుకు తగ్గుతుంది. అయితే పడవకు వెలుపల పొడుచుకువచ్చిన కొనను లాకులో కనిపెట్టియుండవలె. లాకులో నీరు దిగుతుండగా ఆ కొన తలుపుకో గోడకో తగులుకొంటే, పడవ క్రిందికి పోతుంది, కొయ్య అక్కడనే వ్రేలాడుతుంది.