సైకిలు మీద ఒక రోజు: హాలెండు గట్లు, ఉతై పొలాలు

సైకిలు మనకు కొత్త వస్తువు కాదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ తరవాత ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటికి సైకిలే మొదటి వాహనం. షిఫ్టు మారే వేళకు రోడ్లు సైకిళ్లతో నిండిపోయేవి. అయితే అదంతా పనికి వెళ్లి రావడం. ఊళ్లు, పొలాలు చూడటానికే సైకిలెక్కి, రాత్రికి గుడారంలో పడుకొని, మర్నాడు తిరిగి రావడం వేరు. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది అటువంటి ప్రయాణం గురించి.

ఈ ప్రయాణానికి పేరుపడ్డ దేశం నెదర్లాండ్స్. మనం వాడుకలో హాలెండు అంటాం కాని, నిజానికి హాలెండు ఆ దేశంలో ఒక భాగం మాత్రమే. ఆ దేశంలో మనుషులకన్నా సైకిళ్లు ఎక్కువ. దేశంలో దాదాపు నాలుగోవంతు నేల సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. రోటర్‌డామ్ నుంచి ఉదయం బయలుదేరి తూర్పుగా వెళితే కిండర్‌డైక్ అనే చోటు వస్తుంది. అక్కడ 19 గాలిమరలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టినవి. వాటిని పిండి విసరడానికి కట్టారని చాలామంది అనుకుంటారు. కాని వాటి పని నీళ్లు తోడటం. పల్లపు పొలాల్లో చేరిన నీటిని మెట్టుమెట్టుగా పైకి ఎత్తి, ఎత్తుగా ఉన్న కాలువలోకి పోసేవి. నదిలో నీటిమట్టం తగ్గినప్పుడు తూము తెరిచి ఆ నీటిని లెక్ నదిలోకి వదిలేవారు. అక్కడి నుంచి లెక్ గట్టు మీద సైకిలు తొక్కుతుంటే ఒక వింత కనిపిస్తుంది. ఒక పక్క నది, మరొక పక్క నదికంటే దిగువన పచ్చిక, ఆవులు, ఇళ్ల పైకప్పులు! గట్టు తెగితే ఏమవుతుందో మీరే ఊహించండి.

దారి తప్పకుండా ఉండటానికి అక్కడ ఒక తేలిక పద్ధతి ఉంది. సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె ఇస్తారు. మీరు దాటవలసిన కూడళ్ల అంకెలను వరసగా ఒక చీటీ మీద రాసుకొని హ్యాండిలుకు కట్టుకుంటే చాలు, పటం విప్పే పని లేదు. బెల్జియంలో హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరుకు వచ్చిన ఆలోచన ఇది. 1990లలో అక్కడ మొదలై పొరుగు దేశానికి పాకింది. చదువు అంతగా రానివారు కూడా అంకెలు చూసి దారి పట్టుకోగలరు. మన జిల్లాల్లో ఇటువంటిది పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

హాలెండులో కొండలు లేవు కనుక తొక్కడం సులువనుకోకండి. అక్కడ కొండకు బదులు గాలి ఉంది. ఎదురుగాలి నిరోధం వేగంతో సమంగా పెరగదు. గాలికి ఎదురుగా మన వేగం రెట్టింపైతే నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు ఉదయం, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలి దారి ముగించి, సాయంత్రం గాలి వెన్నుదన్నుగా ఉండేటట్లు దారి చూసుకుంటారు.

ఇప్పుడు మన ఉతైకి వద్దాం. ఇక్కడినుంచి దక్షిణంగా గుండర్‌దేహి మీదుగా తాందుల జలాశయం పక్కనున్న బాలోద్ చేరడానికి సుమారు 50 కిలోమీటర్లు. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున తొక్కితే నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఆగడానికి, తినడానికి మరో రెండు గంటలు కలపండి. తెల్లవారుజామునే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. మే నెలలో మాత్రం ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. దారి పొడుగునా వరి మళ్లు, గట్ల మీద తుమ్మచెట్లు. వరి కోతకు రాకముందే అదే మడిలో తేమను నమ్ముకొని లంకపప్పు, అవిసె వంటి గింజలు చల్లడం ఈ ప్రాంతపు అలవాటు. దీన్ని ఇక్కడ ఉతేరా అంటారు.

హాలెండుతో పోల్చి చూడండి. అక్కడ నీటిని బయటికి పంపడానికి తంటాలు, ఇక్కడ నీటిని నిలబెట్టడానికి. తాందుల నీరే కాలువల గుండా పొలాలకు పారుతుంది. ఉక్కు కర్మాగారానికి నీరందించే మరోదా చెరువుకూ అదే నీరు వస్తుంది. ప్రయాణం చివర మీరు చూసే నీరు, మీ ఊరి పక్క కొలిమిని చల్లార్చే నీరు ఒకటే అన్నమాట.

సైకిలు సంగతి. మామూలు నల్ల సైకిలు చాలు. బరువును క్యారియరుకు రెండు పక్కలా, వీలైనంత కిందుగా, సమంగా కట్టాలి. ఎత్తుగా కడితే మలుపులో సైకిలు ఊగుతుంది. పంపు, సొల్యూషను, అతుకు ముక్కలు, ఒక కొత్త ట్యూబు మరవద్దు. తుమ్మముల్లు టైరుకు శత్రువు. అందుకే గుడారం కూడా తుమ్మ కింద వేయకూడదు.

హాలెండులో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం నేరం. అందుకు వేరే స్థలాలుంటాయి, కొందరు రైతులు తమ పచ్చికలో చోటిస్తారు. ఇక్కడ పంచాయతీ పెద్దలను అడిగి, ఊరికి దగ్గరగా, మెరకనేల మీద వేసుకోవాలి. జలాశయం అంచు, అడవి రెండూ పనికిరావు. అడవికి అటవీ శాఖ అనుమతి కావాలి. పొద్దు వాలకముందే గుడారం నిలబెట్టాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది రోడ్డు. హాలెండులో సైకిలుకు ఈ గౌరవం మొదటినుంచీ లేదు. 1950లు, 60లలో కార్లు పెరిగి సైకిళ్లు తగ్గాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3 వేలకు పైగా చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి 'పిల్లల హత్య ఆపండి' అని ఉద్యమించారు. 1973లో చమురు కొరత కూడా తోడై, వేరుగా సైకిలు దారులు వేయడం ఊపందుకుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిలు తొక్కేవారు 4 వేలకు పైనే. ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం సరస్వతీ సైకిల్ యోజన కింద బాలికలకు సైకిళ్లు ఇస్తున్నది. ఆ పిల్లలు బడికి వెళ్లేది లారీలు తిరిగే రోడ్డు మీదనే. సైకిలు ఇవ్వడంతో సగం పనే అయింది. కనుక మీరు ఎడమ అంచునే, ఒకరి వెనక ఒకరు వెళ్లండి. వెనక ఎర్రని రిఫ్లెక్టరు, ముందు దీపం లేకుండా చీకట్లో కదలకండి.

ఇప్పుడు చదవడం ఆపి ఒక పని చేయండి. మీ ఊరి నుంచి 25 కిలోమీటర్లలోపు వెళ్లగల ఒక చోటు ఎంచుకోండి. దారిలో వచ్చే కూడళ్లకు మీరే అంకెలు పెట్టి, నోటుపుస్తకంలో పటం గీయండి. లారీలు ఎక్కువగా తిరిగే ముక్కను ఎర్ర పెన్సిలుతో గుర్తించి, దాన్ని తప్పించుకునే దారి ఉందేమో ఆ ఊరివారిని అడిగి రాయండి.