కుట్టని ఈగ, పుల్లని తేనె

రాజమహేంద్రవరంలో పాత ఇంటి గోడ పగులులోంచి నల్లటి మైనపు గొట్టం పొడుచుకొచ్చి కనిపిస్తే గీకేయకండి. అది కుట్టని తేనెటీగల గుమ్మం. 1854లో ఫ్రెడరిక్ స్మిత్ వర్ణించిన ఈ ఈగ శాస్త్రీయ నామం టెట్రాగొన్యులా ఇరిడిపెన్నిస్. పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. మైనంలో చెట్టుబంక కలిపి గొట్టం కడుతుంది. మూతి దగ్గర కాపలా ఈగలుంటాయి. చీమ దూరబోతే దానికి బంక అంటించి కదలనివ్వవు. కొండి క్షీణించి పనికిరాకుండా పోయింది కనుక, మనిషి గూడు కదిపితే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతే. గుడ్లు పెట్టే రాణి పొట్ట ఉబ్బి ఎగరలేదు. గోడ కూల్చితే పట్టుతేనె ఈగల్లా లేచిపోయి బతకడం వీటికి కుదరదు.

వీటిని తేనె కోసం పెంచితే నిరాశే. శనగగింజంత మైనపు కుండల్లో దాచే తేనె గూటికి ఏడాదికి కొన్ని వందల గ్రాములు. పైగా పల్చన, పులుపు; కొన్నవాళ్లకు కల్తీ అనిపించడం సహజం. తేనెలో తేమ 20 శాతం మించకూడదని మన ఆహార ప్రమాణం, దీంట్లో 25 దాటడం మామూలే. తప్పు తేనెది కాదు, కొలబద్దది: మలేసియా 2017లోనే దీనికి విడిగా ప్రమాణం రాసుకుంది. ఇక షుగరుకు మందన్న ప్రచారం. ఆస్ట్రేలియా, మలేసియా, బ్రెజిల్ కుట్టని ఈగల తేనెల్లో నెమ్మదిగా అరిగే ట్రెహలులోజ్ ఉందని 2020లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం తేల్చిన మాట నిజమే. కానీ మిగతా చక్కెరలు ఎక్కడికీ పోలేదు. మందుల షాపు బదులు సీసా కొనడం తెలివితక్కువ.

మరెందుకు కాపాడాలి? కాపు కోసం. ఇవి గూటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతాయి, పెద్ద ఈగలు పట్టించుకోని చిన్న పూలను కూడా వదలవు. పెట్టె తేనెటీగలు చాలవా అంటే, పొలాల్లో చాలు. కుడతాయన్న భయమున్న పెరటికి, పాలీహౌసుకి ఇవే నయం. అన్నిటికీ పనికొస్తాయని కాదు: కొబ్బరి కింద వేసిన కోకోకు దోమల్లాంటి చిట్టి పురుగులే దిక్కు. కొబ్బరి, దోస, కాకర పూల మీద మాత్రం ఇవి వాలతాయి. కడియం నర్సరీల చుట్టూ ఏడాది పొడవునా పూలే కనుక మేతకు లోటు లేదు, భయమల్లా పురుగుమందుతోనే. పూత మీద మందు తప్పనిసరైతే పొద్దుగూకి ఈగలు గూటికి చేరాకే కొట్టండి.