పట్టిక చాలదు, నిరూపణ కావలెను

విద్యార్థులారా! 1 నుండి వరుసగా ప్రతి సంఖ్యకును ఆ సంఖ్యవ మూలమును కట్టుదము. 1కి 1, 2కి 1.414, 3కి 1.442. ఇంతవరకే చూచినవారు ఈ అనుక్రమము పెరుగుచుండునని తలంతురు. కాని 4కి మరల 1.414, 100కి 1.047, 1000కి 1.007. ఇక అవధి 1 అని మా విద్యార్థులు పెక్కురు వ్రాసి ఊరకుందురు. మొదటి ఊహ తప్పినది గదా, రెండవది తప్పదనుటకు ఆధారమేమి?

కలనగణితము ఆ ఆధారము నిచ్చును. ఎన్ అను సంఖ్యయొక్క ఎన్‌వ మూలమునకు సహజ సంవర్గమానము, 'లాగ్ ఎన్'ను ఎన్‌చే భాగింపగా వచ్చునది. లాగ్ ఎన్ అనగా 1 నుండి ఎన్ వరకు 1/టి యొక్క సమాకలనము. టి విలువ 1కి తగ్గనంతవరకు 1/టి, 1/√టి ని మించదు. ఈ రెండవదాని సమాకలనము 2√ఎన్ – 2. కావున లాగ్ ఎన్, 2√ఎన్ కంటె తక్కువ. ఎన్‌చే భాగించిన, మన సంవర్గమానము సున్నకు తగ్గదు, 2/√ఎన్‌ను చేరదు. ఎన్ పెరిగినకొలది 2/√ఎన్ సున్నను సమీపించును. నడుమ చిక్కిన సంవర్గమానమును అట్లే సమీపింపవలెను. సున్న సంవర్గమానముగా గల సంఖ్య 1. కనుక అవధి 1.

పట్టిక దారి చూపును. నిరూపణయే గమ్యము చేర్చును. ఉత్తరముతోపాటు హేతువును వ్రాయుడని మేము కోరునది ఇందులకే.