ప్రళయకావేరి: ఒక డచ్చి రేవుపట్టణము

నెల్లూరు సీమ చరిత్రమనగానే ఉదయగిరి దుర్గమును, ఆత్మకూరు మెట్టభూములును స్ఫురించుట సహజము. ఆ సీమనేలిన విజయనగర రాజ్యమే తన కడపటి దినములలో సముద్రతీరమున డచ్చివారికి తావిచ్చినది. ఆ తావు పులికాటు. తెలుగువారికి ప్రళయకావేరి, అరవవారికి పళవేర్కాడు. నేడది తమిళనాడున తిరువళ్ళూరు జిల్లాలో నున్నను, దానినానుకొన్న సరస్సులో అధికభాగము ఆంధ్రదేశముననే కలదు.

1610లో రెండవ వేంకటపతిరాయలు డచ్చివారికి వర్తకానుమతి నొసగెను. 1612లో శాంతోము పోర్చుగీసువారు వారి వర్తకశాలను ధ్వంసము చేయగా, మరుసటి యేట గెల్డ్రియా కోట లేచినది. 1690లో నాగపట్టణమునకు మారువరకు చోళమండల తీరమున వారి అధికారపీఠమిదియే.

ఇచట లోతైన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేయగా సరకు పడవలపై చేరెడిది. అయినను డచ్చివారు వదలకుండుటకు కారణము వస్త్రము. లవంగము, జాజికాయ పండు తూర్పుదీవులవారు ఈ తీరపు బట్టలను మిక్కిలి కోరుచుండిరి. కావున సుగంధద్రవ్యముల వర్తకమునకు మన మగ్గమే మూలధనము. వస్త్రములను సమకూర్చిన అచ్యుతప్ప శెట్టి, అతని సోదరుడు చిన్నన్న కంపెనీతో సమానులుగా బేరమాడిన ధనికులు. గళ్ళ రుమాలుకు ఐరోపా భాషలలో ఈ యూరి పేరే నిలిచినది.

అవే ఓడలు మనుష్యులనుగూడ మోసినవి. 17వ శతాబ్ది క్షామములందు అమ్ముడుపోయిన దీనులు ఈ రేవునుండియే దాసులై బతావియాకు తరలింపబడిరి. పులికాటు వైభవమును వర్ణించువారు దీనిని ఒక వాక్యముతో దాటవేయుట న్యాయము కాదు. కోటకు లాభము తెచ్చిన సరకులలో ఇదియు నొకటి.

సాహిత్యపరులకు ముఖ్యమైన విషయము వేరొకటి. 1632 మొదలు పదేండ్లిచట మతాచార్యుడుగా నున్న అబ్రహాం రోజెరియుస్‌కు పద్మనాభుడను బ్రాహ్మణుడు భర్తృహరి సుభాషితములను పోర్చుగీసు భాషలో వివరించెను. రోజెరియుస్ మరణానంతరము 1651లో లైడెన్‌లో వెలువడిన గ్రంథమున నీతి, వైరాగ్య శతకములు డచ్చి వచనమున కలవు. భర్తృహరి ఐరోపా భాషలోనికి పోవుట ఇదియే ప్రథమము. శృంగార శతకము అందు చేరలేదు. ఆ శతాబ్దిలోనే ఎలకూచి బాలసరస్వతి భర్తృహరిని తెనిగించుట గమనార్హము. రెండు అనువాదములను ప్రక్కప్రక్కన నుంచి చదువుట పరిశోధకులు చేపట్టదగిన పని.

1781లో ఆంగ్లేయులు కోటను పట్టిరి. పిదప చేతులు మారి, 1825లో పులికాటు వారికే దక్కినది. కోట నేడు ముండ్లపొదల నడుమ మట్టిదిబ్బ. ద్వారమున అస్థిపంజరములు చెక్కిన డచ్చి శ్మశానము మాత్రము పురావస్తుశాఖ రక్షణలో నున్నది. కంపెనీ కాగితములు హేగ్ నగరపు దస్త్రశాలలో నున్నవి. వానిలో డచ్చి వర్ణక్రమమున వికృతములైన తెలుగు పేర్లను గుర్తింపగలవారు తెలుగెరిగినవారే.