ఆ రిపోర్టు బీరువాలో దాచుకోండి!

రొమ్ము క్యాన్సర్‌కి మందులు వాడుతుంటే చూడవచ్చినవాళ్ళు ఊరుకోరు. "ఫలానా ఆమెకి ఖరీదైన ఇంజక్షన్ వేసినారంట, నీకెందుకు వెయ్యలేదు?" అని దిగులు పెట్టిపోతారు. ఆ తేడా ఎందుకో తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

ఇంటికి కాలింగ్ బెల్ ఉన్నట్టు కణాల మీద రిసెప్టర్లుంటాయి. 'పెరుగు' అనే కబురు వీటి ద్వారానే లోపలికి చేరుతుంది. హెర్2 అలాంటిదే. కొందరి క్యాన్సర్ కణాల మీద ఇవి లెక్కకు మించి ఉంటాయి. ఇంక బెల్ ఆగకుండా మోగినట్టే! గడ్డ త్వరగా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిలో సుమారు 15 నుంచి 20 మందిది ఈ రకం.

ఈ బెల్‌ని ఆపే మందే ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతోంది. హెర్2 ఎక్కువ లేనివాళ్ళకి దీంతో పనిలేదు. ఇది వాడేవాళ్ళకి గుండెకు ఎకో పరీక్ష కూడా చేస్తుంటారు.

అందుకే ముక్క పరీక్ష అయ్యాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 మూడూ చూశారా అని అడగండి. హెర్2కి 3 ప్లస్ అంటే పాజిటివ్. సున్నా, 1 ప్లస్ అయితే నెగెటివ్. 2 ప్లస్ వస్తే 'ఫిష్' అనే మరో పరీక్షతో తేలుతుంది.

తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో మొదలైన టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్ళకి వేలూరు సీఎంసీ దగ్గరే. ఎక్కడికెళ్ళినా ఆ రిపోర్టు వెంట ఉండాలి. రేషన్ కార్డుతో పాటు బీరువాలో పెట్టుకోండి.

అన్నట్టు, గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే డాక్టరుకి చూపించండి.