ఉచిత ల్యాప్‌టాప్ సరే... మరమ్మతు ఎవరి పూచీ?

చిత్తూరు: విద్యార్థులకు ప్రభుత్వం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు అందజేసిన ప్రతిసారీ ఎన్ని ఇచ్చారు, ఎన్ని కోట్లు వెచ్చించారు అన్న లెక్కలే ప్రచారంలోకి వస్తాయి. ఆ యంత్రం ఎన్నాళ్లు పనిచేస్తుంది, చెడిపోతే ఎవరు బాగుచేయించాలి, అందులోని పాఠం ఎప్పటివరకు చెల్లుతుంది అన్న ప్రశ్నలు మరుగున పడుతున్నాయి. సరిహద్దుకు అటు ల్యాప్‌టాప్‌లు, ఇటు ట్యాబ్‌లు చూసిన జిల్లా వాసులకు ఈ విషయం అనుభవైకవేద్యమే.

తమిళనాట తొలి అడుగు

జిల్లాను ఆనుకొని ఉన్న తిరువళ్లూరు జిల్లా కాకళూరులో 2011 సెప్టెంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించారు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ప్లస్ టూ చదివేవారితో పాటు డిగ్రీ, ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులనూ ఇందులో చేర్చారు. ఐదేళ్లలో 68 లక్షల ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలన్నది లక్ష్యం. తొలి ఏడాదికే 9.12 లక్షలు కొనేందుకు రూ.912 కోట్లు కేటాయించి, కొనుగోలు బాధ్యతను ప్రభుత్వ సంస్థ ఎల్‌కాట్‌కు అప్పగించారు. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి ప్రాంతపు తెలుగువారి పిల్లలకూ ఈ పథకం వర్తించింది.

ఇటువంటి ఉచితాలు ఓటర్లను ప్రలోభపెట్టడమేనంటూ దాఖలైన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2013 జులై 5న తీర్పు వెలువరించింది. ఎన్నికల ప్రణాళికలోని హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య కిందికి రావని పేర్కొంటూనే, ప్రణాళికలపై మార్గదర్శకాలు రూపొందించాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది.

తమిళనాడు పద్ధతిలో మేలు ఏమిటంటే, ల్యాప్‌టాప్ విద్యార్థి సొంతమై అతనితో పాటే కళాశాలకు వెళుతుంది. లోపమల్లా ఆలస్యమే. 2017-18లో ప్లస్ టూ పూర్తిచేసిన పలువురు తమకు రావలసినవి ఇవ్వలేదంటూ 2019లో పలుచోట్ల రోడ్డెక్కారు. చదువు ముగిశాక అందే యంత్రం చదువుకు ఏపాటి ఉపకరిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కరోనా కాలంలో పంపిణీ నిలిచిపోగా, 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు ఇస్తామని 2025 బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. పాఠశాల విద్యార్థుల ఊసు అందులో లేదు.

ఇక్కడ ల్యాప్‌టాప్ పోయి ట్యాబ్ వచ్చె

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి నగదుకు బదులు తొమ్మిది నుంచి ఇంటర్ వరకు చదివేవారు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చని 2021 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి ప్రకటించారు. అది కార్యరూపం దాల్చలేదు. దాని స్థానే ఎనిమిదో తరగతి వారికి ట్యాబ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలైన తొలి విడతలో 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు రూ.686 కోట్లతో వీటిని అందజేశారు. భాగిస్తే ఒక్కొక్కటి సుమారు రూ.13,200 పడింది. సరిగ్గా ఏడాదికి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత ప్రారంభించి మరో 4,34,185 మందికి ఇచ్చారు. రెండు పంపిణీలూ ముఖ్యమంత్రి జన్మదినాననే జరగడం గమనార్హం. జూన్‌లో బడి తెరిచే పిల్లవానికి డిసెంబరులో ట్యాబ్ అందితే సగం ఏడాది గడిచిపోయినట్లే కదా. 2024లో ప్రభుత్వం మారిన తరువాత మూడో విడత పంపిణీ జరగలేదు.

మూడేళ్ల గడువు

తొలి విడత ట్యాబ్‌లకు మూడేళ్ల వారంటీ ఉంది. చెడిపోతే గ్రామ, వార్డు సచివాలయంలో అప్పగించాలని, వారంలోగా బాగుచేసి గానీ, మార్చి గానీ ఇస్తారని అప్పట్లో ప్రకటించారు. ఎనిమిదో తరగతిలో అందుకున్నవారు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. వారంటీ ఆ ఏడాది డిసెంబరు వరకు ఉంది. అంటే పదో తరగతి వరకు లెక్క సరిపోయింది. ఇంటర్ రెండో ఏడాదికి చేరేసరికి మాత్రం మరమ్మతు భారం తల్లిదండ్రులదే. కూలి పనులకు వెళ్లే కుటుంబానికి తెర పగిలిన ట్యాబ్‌ను బాగుచేయించడం అంత తేలిక కాదు. టెండరు పిలిచేటప్పుడే వారంటీ తరువాత బ్యాటరీ, తెర ఎంతకు అమ్మాలో కూడా నిర్ణయించి ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పేది.

పాఠాల సంగతి వేరు. బైజూస్ సంస్థతో 2022 జూన్‌లో కుదిరిన ఒప్పందం మేరకు ఆ పాఠాలను ఉచితంగా ట్యాబ్‌లోనే నింపి ఇచ్చారు. ఇంటర్నెట్ లేని పల్లెలోనూ అవి తెరుచుకోవడం మెచ్చదగిన ఏర్పాటు. అయితే 2024 జులైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ ఆరంభమైంది. పాఠ్యపుస్తకం మారినప్పుడు లోపలి పాఠాన్ని మార్చే నాథుడు లేకుంటే ట్యాబ్ బాగున్నా పాఠం పాతబడుతుంది.

యంత్రంలో ముందుగా నీరసించేది బ్యాటరీ. లిథియం బ్యాటరీలు కొన్ని వందల సార్లు చార్జింగ్ అయ్యేసరికి సత్తువ తగ్గుతాయి. వేడి వాటికి శత్రువు. వేసవి సెలవుల్లో పూర్తిగా చార్జింగ్ అయిపోయిన ట్యాబ్‌ను బీరువాలో పడేస్తే జూన్‌లో అది తెరుచుకోకపోవచ్చు. సగం వరకు చార్జింగ్ చేసి, ఆపివేసి, ఎండ తగలని చోట ఉంచి, నెలకోసారి చూసుకోవాలి. రేకుల ఇళ్లలో ఉండేవారు ఈ జాగ్రత్త మరింతగా పాటించాలి.